రాగిబుర్రవాడు కొట్టని సంచిక

రేవు గేటు బయట టీ కొట్టు గోడకి ఈ చివర నుంచి ఆ చివర దాకా మేకులు కొట్టి ఉండేవి. ఓడల సరుకు మోసే కళాసీలు షిఫ్టు దిగి లోపలికి రాగానే నడుముకున్న కొక్కేన్ని తీసి మేకుకి తగిలించి, తర్వాతే బల్ల మీద కూర్చునేవారు. కొక్కెమంటే బస్తాలోకి దిగేసి లాగే ఇనప వంకీ, దానికో చెక్క పిడి. బస్తాకీ మనిషికీ తేడా తెలియని వస్తువు. దాని గురించి ఎవరూ నియమం రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. చేతులతో కొట్టుకుంటే తగువు. గాజు గ్లాసులతో కొట్టుకుంటే కాస్త పెద్ద తగువు. తగువు మధ్యలో ఎవడైనా లేచి మేకు మీది కొక్కెం తీసుకుని బయటికి నడిచాడంటే మాత్రం ఇంటికి కబురు పంపాల్సిందే. ఎవరింటికి అన్నది కాసేపటికి తెలిసేది.

నేను అక్కడ టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం నా పని. అంతకుముందు ఫిలాసఫీలో బి.ఏ. చదివాను. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే, రెండింటిలోనూ చివరికి లెక్క తేలదని చెప్పాను. ఉద్యోగం ఎలా ఇచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

డెబ్భైలు వెళ్లిపోయి ఎనభైలు వస్తున్న రోజులవి. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందంటే వస్తుందని జనం ఎదురుచూస్తున్నారు. ఈలోగా వచ్చేవి ఓడలు. ఓడల్లో వచ్చిన నావికులు చదివి పారేసిన బొమ్మల పుస్తకాలు పాత పోస్టాఫీసు దగ్గర పేవ్‌మెంటు మీద గుట్టగా పడి ఉండేవి. అట్టలు ఊడి, ఉప్పునీళ్లకి ఉబ్బి, డీజిలు కంపు కొడుతూ. వాటిల్లో ఒకదాన్ని ఓ మధ్యాహ్నం టీ తాగుతూ చదువుకుంటుంటే పక్కనున్న కళాసీ ఒకడు తొంగి చూసి, బొమ్మలో ఎవడో ఎవణ్ణో చావగొడుతున్నాడు, కారణమేమిటని అడిగాడు. చెప్పాను. ఆ కారణం అతనికి సబబుగానే తోచింది. తర్వాత పేజీ కూడా చెప్పమన్నాడు. అలా నాకు రెండో ఉద్యోగం వచ్చింది.

ఆ కథానాయకుడు సముద్రం అడుగుకి దిగే గజ ఈతగాళ్లు పెట్టుకునే రాగి శిరస్త్రాణం పెట్టుకుని, దుర్మార్గుల్ని కొట్టేవాడు. అతని ఊరు కూడా రేవు పట్టణమే. క్రేన్లున్నాయి, గోదాములున్నాయి, తాగిన మేస్త్రీలున్నారు. ఇంగ్లీషులో అతనికో పొడుగాటి పేరుంది గానీ మొదటిరోజే కళాసీలు రాగిబుర్రోడని ఖాయం చేశారు. నేను పేజీ ఎత్తి అందరికీ కనిపించేలా పట్టుకుని, బొమ్మ పక్కనున్న మాటలు తెలుగులో చెప్పేవాణ్ణి. మాటలు సులువే. కష్టమంతా చప్పుళ్లతో వచ్చేది. దెబ్బ పడినచోటల్లా పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక చప్పుడు రాసి ఉండేది. సినిమా చప్పుడు చేస్తే వీళ్లు ఒప్పుకునేవారు కారు. రోజూ నిజం చప్పుళ్లు వినేవాళ్లు. కడుపులో గుద్దితే తడి బస్తా ఓడ అడుగున పడ్డట్టు ఉండాలి. దవడ మీదైతే పలక పగిలినట్టు. నేను సరిగ్గా చేసేదాకా మళ్లీ చేయించేవారు. మూడేళ్ల ఫిలాసఫీలో ఏ గురువూ నన్ను అంత క్రమశిక్షణలో పెట్టలేదు.

ఇంకో చిక్కు, పుస్తకాలు వరసలో వచ్చేవి కావు. ఏ ఓడలో ఏది ఉంటే అది. ఒక దుర్మార్గుడు చచ్చిపోయిన సంచిక ముందొచ్చి, వాడు పుట్టిన సంచిక ఆర్నెల్ల తర్వాత వచ్చేది. మొదట్లో గోలపెట్టినా తర్వాత అలవాటు పడ్డారు. చచ్చినవాడు మళ్లీ కనిపిస్తే, ఇది ముందరి సంగతి కామోసని వాళ్లలో వాళ్లే సర్దిచెప్పుకునేవారు.

శ్రోతల్లో రెండు ముఠాలుండేవి. రెండూ రెండు బల్లల మీద ఎదురెదురుగా కూర్చునేవి. ఒక ముఠా సబ్బవరం వైపు పల్లెల నుంచి పొలం పనులు వదిలి వచ్చినవాళ్లది. అందులో మా బావ ఉండేవాడు. మా ఊళ్లో ఎవడైనా ఎవణ్ణయినా బావా అంటాడు గానీ ఇతను నిజం బావ, మా అక్క భర్త. రెండో ముఠా సముద్రం ఒడ్డు పల్లెలవాళ్లది. అందులో యారాడ వాడు ఒకడుండేవాడు. గట్టి మనిషి. వలలు లాగిన చేతులు. మొదటిరోజే అడ్డం వచ్చి, ఆ బుర్రలోకి గాలెలా వస్తుందని అడిగాడు. పుస్తకంలో రాయలేదన్నాను. గాలి లేకుండా అంతసేపు కొట్టుకోవడం కుదరదనీ, కనక ఇది అబద్ధమనీ తేల్చాడు. తేల్చి, మర్నాడు అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

మా బావ రాగిబుర్రవాడికి భక్తుడు. స్వయంగా అదే బాపతు. ఒకసారి తన మేస్త్రీ మీద చెయ్యి వేసినవాణ్ణి రైలు పట్టాల మీదుగా గోదాము తలుపు దాకా కొట్టుకుంటూ తీసుకెళ్లాడు. తలుపు మూసి ఉంది. తర్వాత దాన్ని మూయడం కుదరలేదు. ఇంటికొస్తే మాత్రం నెమ్మదస్తుడు. పిల్లి పాలు తాగుతుంటే పక్కనుంచి తప్పుకుని వెళ్తాడు.

ఎరువుల ఓడ ఒకటి వచ్చినప్పుడు ఆ గొడవ జరిగింది. ఏ ముఠా ఓడ అడుగున ఏ సరుకు అరలో దిగాలన్నది తగువు. తెల్లారి దిగాల్సినవాళ్లు ఎండెక్కినా దిగలేదు. ఎవరో ఎవరి తల్లినో అన్నారు. నేను లెక్కపలక పట్టుకుని పైన నిలబడ్డాను. కింద అరలో మనుషులు బస్తాల మీద ఎక్కి ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు. తెల్లటి ఎరువు పొగలా లేచింది. ఆ పొగలో బావ తమ్ముడు, పెళ్లికాని కుర్రవాడు, తన్నులాట ఆపడానికి అడ్డం వెళ్లి చెయ్యెత్తాడు. అదే క్షణాన యారాడ వాడి కొక్కెం దిగింది. అరచేతిలోంచి వెళ్లి అవతల వచ్చింది. యారాడ వాడు అలవాటు కొద్దీ, బస్తాని లాగినట్టు, తన వైపు లాగాడు.

ఆ పూట నా లెక్క తప్పింది. ఎవరూ సంజాయిషీ అడగలేదు.

చెయ్యి అతుక్కుంది. నరాలు అతుక్కోలేదు. వేళ్లు మడతపడేవి కావు. పొద్దున్నే బావ పనికి బయల్దేరే ముందు తమ్ముణ్ణి గుమ్మంలో నిలబెట్టి చొక్కా బొత్తాలు పెట్టేవాడు. ఆ లావాటి వేళ్లకి ఆ పని చేతకాదు. పీక పిసుకుతున్నట్టుండేది. తమ్ముడు గోడకేసి చూస్తూ నిలబడేవాడు. మా అక్క ఒకరోజు ఆ పని తాను చేస్తానంటే బావ చూసిన చూపుకి మళ్లీ అడగలేదు.

యారాడ వాడు కొండ దాటి వాళ్ల ఊరు వెళ్లిపోయి, కొన్నాళ్లు పడవల మీద తిరిగాడు. బావ వెంటపడలేదు. సముద్రం మీద తన పప్పులుడకవని తెలుసు. తన కొక్కెం మాత్రం ఇంటికి తెచ్చి బట్టలుతికే రాయి మీద అరగదీయడం మొదలెట్టాడు. మా అక్క పక్కన కూర్చుని చేపలు తోముతూ, ఎవరినీ ఉద్దేశించనట్టు అడిగింది.

"అంత పదునేటి దానికి? బస్తాలు గాని తిరగబడతన్నాయా?"

బావ రాయి మీద నీళ్లు చల్లి మళ్లీ అరగదీశాడు. ఎరువుల ఓడ మళ్లీ వస్తే యారాడ వాడు డ్యూటీకి వస్తాడు. వచ్చినరోజు వాడి కుడిచెయ్యి పోతుంది, చెయ్యితో ఆగకపోతే వాడే పోతాడు, బావ జైలుకి పోతాడు. ఈ కార్యక్రమం రేవులో అందరికీ తెలుసు. అందరికీ నచ్చింది కూడా. న్యాయంగా ఉందన్నారు.

నచ్చనిది మా అక్క ఒక్కదానికే. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఒరే, నీ పుస్తకంలోవోడు అందర్నీ కొట్టీసి ఇంటికెల్లి ఏటి తింటాడు?"

"అది రాయలేదే అక్కా."

"పెళ్లాముందా?"

"లేదు."

"అదీ," అని లోపలికి వెళ్లిపోయింది. సాహిత్య విమర్శలో అంత క్లుప్తత తర్వాత ఎక్కడా చూడలేదు.

ఎరువుల ఓడ బయట లంగరేసిందనీ, రేపో మాపో లోపలికొస్తుందనీ కబురొచ్చింది. ఆ వారమే పేవ్‌మెంటు మీద రాగిబుర్రవాడి సంచిక ఒకటి దొరికింది. టీ కొట్టులోకి అడుగుపెట్టేసరికి బల్లలు నిండి ఉన్నాయి. బావ గోడవైపు కూర్చున్నాడు. అతని కొక్కెం అతని తలపైనే మేకుకి వేలాడుతోంది. మిగతావన్నీ మురికిగా ఉన్నాయి. అదొక్కటే మెరుస్తోంది.

మొదటి పేజీ తీసి ఎత్తి పట్టుకున్నాను. ఆసుపత్రి వార్డు. మంచం మీద ఒక మనిషి. కుడిచేతికి భుజం దాకా కట్టు. పక్కన స్టూలు మీద రాగిబుర్రవాడు, బుర్ర లేకుండా. మొహం మామూలుగా ఉంది. కాస్త బట్టతల. కళాసీలు గుర్తుపట్టలేదు, నేనే చెప్పాను. మంచం మీదున్నది క్రేను తోలే మనిషి. లంచం తీసుకుని రాత్రిపూట సరుకు దొంగలకి దించేవాడు. రాగిబుర్రవాడు అతని చెయ్యి విరగ్గొట్టాడు. కొట్టిన సంచిక మేము చదవలేదు, వరస తప్పింది. ఇది తర్వాతది.

పేజీ తిప్పాను. అదే వార్డు. మళ్లీ తిప్పాను. అదే వార్డు, కిటికీలో వాన. ఒక్క దెబ్బ లేదు. వెనకనుంచి ఎవరో నాతో, "ఏటి బావా, పేజీలు గాని దాసీసినావా?" అన్నారు. కావాలంటే ఒక దెబ్బ కల్పించగలను, నాకది కష్టం కాదు. కానీ బొమ్మలు అందరూ చూస్తున్నారు. ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటే ఎవరు ఎవరిని కొట్టారని చెప్పను?

కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. క్రేను మనిషి ఒక ప్రశ్న అడుగుతాడు. నేను తప్పు చేశానని కొట్టావా, కొట్టగలవని కొట్టావా? మూడేళ్లు కాలేజీలో ఇదే ప్రశ్నని చచ్చిపోయిన తెల్లవాళ్ల పేర్లతో కలిపి నోట్సు రాసుకున్నాను. పరీక్షలో ఎనిమిది పేజీల జవాబు కూడా రాశాను. ఇక్కడ రాగిబుర్రవాడి నోటి దగ్గర మాటల బుడగ గీసి ఉంది, అందులో ఏమీ రాసి లేదు.

"ఏటన్నాడు?" అన్నాడొకడు.

"ఏమీ అనలేదు. ఖాళీగా ఉంది."

బుడగ ఉండి మాట లేకపోవడమేమిటని కొట్టంతా కలకలం. అచ్చువేసేవాడు మరిచిపోయాడని ఒకరు. ఉప్పునీళ్లకి చెరిగిపోయిందని ఇంకొకరు. ఒకతను పుస్తకం తీసుకుని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, నిజంగానే ఖాళీ అని ధ్రువపరిచి ఇచ్చాడు.

తర్వాత పేజీలో క్రేను మనిషిని ఇంటికి పంపేస్తున్నారు. ఒంటిచేత్తో చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడం రావడం లేదు. ఆ పేజీ అంతా అదే. ఒక్కో బొమ్మలో ఒక్కో బొత్తాం జారిపోతుంది. చివరి బొమ్మలో రాగిబుర్రవాడు లేచి వచ్చి, వంగి, వాటిని పెడతాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. క్రేను మనిషి గోడకేసి చూస్తుంటాడు.

ఇది చెబుతున్నప్పుడు నేను బావ వైపు చూడలేదు. ఇంకెవరూ కూడా చూడలేదు. టీ కొట్టులో అంతమంది మర్యాదస్తులుంటారని నాకప్పటిదాకా తెలియదు.

ఆఖరి పేజీలో వార్డు ఖాళీ. స్టూలు మీద రాగి బుర్ర బోర్లా తిప్పి ఉంది, అందులో ఎవరో రోగిని చూడ్డానికొచ్చినవాళ్లు కమలాపళ్లు పోసి వెళ్లారు. అంతే. అయిపోయింది. ఇలాంటిది కొన్నవాడికి బుద్ధిలేదని వెనక బల్ల తీర్మానించింది.

"ఆ బొత్తాల కాడ మల్లీ సదువు," అన్నాడు బావ.

చదివాను. అతను గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పుతూ విన్నాడు. విని, నన్ను కాక గ్లాసునడిగినట్టు అడిగాడు.

"ఆ యారాడోడికి ఎవులున్నారు?"

తల్లి ఉందనీ, ఆమెకి చూపు ఆనదనీ ఒకరు చెప్పారు. పెళ్లి కాలేదు. అన్నదమ్ములు లేరు.

"అయితే ఆడి బొత్తాలెవుడెడతాడు?"

ఆ ప్రశ్నకి జవాబుగా కూడా ఒక బుడగ గీసి ఉంటే ఖాళీగానే ఉండేది.

రెండోరోజు ఓడ లోపలికొచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ యారాడ వాడు గేటు దగ్గర కనిపించాడని టీ కొట్టుకి కబురొచ్చింది. బావ లేచాడు. గోడ దగ్గరికి వెళ్లి మేకు మీదున్న కొక్కెం పట్టుకున్నాడు. కొట్టు యజమాని స్టవ్వు తగ్గించాడు. బావ దాన్ని సర్ది, వంకీ గోడవైపు ఉండేలా తిప్పి, వదిలేశాడు. ఖాళీ చేతులతో బయటికి నడిచాడు. మేమంతా వెనకాల. ఫిలాసఫీ చదివినవాణ్ణి కాబట్టి నేను అందరికంటే వెనకాల.

యారాడ వాడు అప్పటికే గేటు దాటి గూడ్సు షెడ్డు వెనక నిలబడి ఉన్నాడు. వాడి కొక్కెం వాడి చేతిలోనే ఉంది. అది న్యాయమే. బావ తన కొక్కెం వదిలొచ్చిన సంగతి వాడికి తెలియదు కదా. బావ చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వెళ్లి ఆగాడు. రెండు చేతులూ తిప్పి చూపించాడు.

"నాను ఒగ్గేసి వొచ్చినాను. నువ్వేటి సేత్తావో సెయ్యి."

యారాడ వాడు కొక్కేన్ని చూశాడు, బావ మెడని చూశాడు. వాడి వెనకున్న ముఠాలో ఎవడో వెయ్యమన్నాడు. పిడి పట్టుకున్న వేళ్లు తెల్లబడటం నాకు అంత దూరం నుంచీ కనిపించింది. మా అక్క పెరట్లో అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. బావకి పెళ్లాం ఉంది, తమ్ముడున్నాడు, రేపు పొద్దున్న బొత్తాలున్నాయి. ఇవేవీ యారాడ వాడికి ఎవరూ చదివి వినిపించలేదు.

వాడు కొక్కేన్ని పక్కకి విసిరేశాడు. అది పట్టా మీద పడి మోగింది.

అక్కడితో ఇద్దరూ కౌగిలించుకుని ఉంటే ఈ జ్ఞాపకం ఇంకా అందంగా ఉండేది. బావ వాడి ముక్కు మీద గుద్దాడు. ముక్కు పక్కకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. వాడు తలతో బావ నోరు పగలగొట్టాడు. ముందు పళ్లు రక్తంతో కలిసి కంకర మీద పడ్డాయి. ఆ తర్వాత ఇద్దరూ కింద పడి, బొగ్గు పొడిలో దొర్లుతూ, పిడికిళ్లతో, మోకాళ్లతో, దొరికినచోట పళ్లతో కొట్టుకున్నారు. వాడి చెవి సగం తెగి వేలాడింది. బావ కన్ను మూసుకుపోయింది. ఎవరూ అడ్డం వెళ్లలేదు. అడ్డం వెళ్లినవాడి చెయ్యి ఏమైందో అందరూ చూశారు. ఒక దశలో బావ వాడి రొమ్ము మీద కూర్చుని పైనుంచి గుద్దాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అన్నాళ్లు ఆ కొట్టులో చప్పుళ్లు చేసినవాణ్ణి, దానికి నా దగ్గర అనువాదం లేదు.

బావ మళ్లీ పిడికిలెత్తాడు. కింద వాడి కుడిచెయ్యి చాచి, అరచెయ్యి పైకి ఉంది, పక్కనే పట్టా. బూటు కాలితో తొక్కితే చాలు. బావ ఆ చేతిని చూశాడు. పిడికిలి వదిలేసి, పక్కకి ఒరిగి, పడుకున్నాడు. పక్కపక్కన ఇద్దరూ ఆకాశం చూస్తూ రొప్పారు.

రిక్షా ఒకటే దొరికింది. ఇద్దర్నీ అందులోకే ఎక్కించాం. రిక్షావాడు వెనక్కి తిరిగి చూసి, లోపల కొట్టుకుంటే అక్కడే దింపేస్తానన్నాడు. నేను పక్కన నడిచాను. ఎత్తు రోడ్డు మీద నేనూ ఇంకొకతనూ వెనకనుంచి తోశాం. పెద్దాసుపత్రి చేరేలోగా యారాడ వాడు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, కొక్కెం ఎందుకొగ్గేశావని అడిగాడు. బావ పళ్లు లేని నోటితో ఆ సంచిక మొత్తం చెప్పాడు. వార్డు, వాన, ఖాళీ బుడగ, బొత్తాలు, కమలాపళ్లు. వాడు అంతా విని, ఆలోచించి, అయితే ఆ బుర్ర తీసేసినా వాడికి గాలి ఆడుతుందన్నమాట అన్నాడు. అది తప్ప ఇంకేమీ అనలేదు. తమ్ముడి చెయ్యి గురించి ఒక్క మాట కూడా కాదు. నాకు కోపం వచ్చింది. బావకి వచ్చిందో లేదో, కన్ను మూసుకుపోవడం వల్ల తెలియలేదు.

మా అక్క ఆసుపత్రికి వచ్చి మొగుడి మొహం చూసి, కొంగుతో అతని నోటి రక్తం తుడిచింది. తర్వాత నాతో, మీ వాడు పుస్తకంలో మాట్లాడుకున్నాడన్నావు, ఈయనేమో కొట్టుకున్నాడు, నువ్వు సరిగ్గా చదవలేదేమో చూసుకోమంది. కమలాపళ్లు తెచ్చింది. పళ్లు లేనివాడికి అవి ఒలిచి, తొనల తోలు కూడా తీసి పెట్టింది.

యారాడ వాడు పక్కటెముకలు అతుక్కున్నాక డ్యూటీకి వచ్చి, ఎప్పటి బల్ల మీదే కూర్చున్నాడు. తన కొక్కెం తన మేకుకి తగిలించాడు. బావతో మాట్లాడలేదు. బావ కూడా మాట్లాడలేదు. తమ్ముడికి గేటు దగ్గర కాపలా పని దొరికింది. అతను కూడా ఒక్కో మధ్యాహ్నం వచ్చి కూర్చునేవాడు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

వానలు మొదలయ్యాక పేవ్‌మెంటు మీద ఇంకో రాగిబుర్ర దొరికింది. చదవడం మొదలెట్టాక గానీ అదేదో తెలియలేదు. ముందరిది. క్రేను మనిషిని కొట్టే సంచిక. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా దెబ్బలే, ఇదివరకైతే పండగ చేసుకునేవాళ్లం. క్రేను మెట్ల మీద ఒకటి, పైన ఒకటి, కింద పడ్డాక ఇంకొకటి. నేను చప్పుళ్లు చేస్తూనే ఉన్నాను. ఎవరూ మళ్లీ చేయించలేదు. ఒక పేజీ నిండా ఒకటే బొమ్మ. క్రేను మనిషి కుడిచెయ్యి ఇనప దిమ్మ మీద చాచి ఉంది. రాగిబుర్రవాడు పైన కడ్డీ ఎత్తి ఉన్నాడు. నేను చప్పుడు కోసం ఊపిరి పీల్చుకున్నాను.

"ఆ సెయ్యి మీద ఒద్దని సెప్పు," అన్నాడు బావ.

ఎవరూ నవ్వలేదు. తమ్ముడు గోడకేసి చూస్తున్నాడు. ఎదురు బల్ల మీంచి, వంకర ముక్కుతో, యారాడ వాడు నెమ్మదిగా అన్నాడు.

"అచ్చయిపోనాది కదా బావా."

నేను చప్పుడు చెయ్యకుండా పేజీ తిప్పాను. తర్వాత పేజీలో కూడా కొడుతూనే ఉన్నాడు.